బకెట్ ఇంజనీరు గీసిన ఇల్లు

బాబాయికి ఒకటే పిచ్చి. ఏ ఇంట్లో అడుగుపెట్టినా అంచుదాకా నీళ్ళు నింపిన బకెట్టొకటి చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగి చూడాలి. నీళ్ళు ఎక్కడ ఒలికితే అక్కడ ఇల్లు తప్పు కట్టినట్టు. ఇళ్ళ ప్లాన్లు గీయడమే ఆయన పని కాబట్టి ఊళ్ళో అందరూ ఆయన్ని బకెట్ ఇంజనీరు అనేవాళ్ళు. మేస్త్రీలైతే ఆయన కొళాయి తిప్పిన చప్పుడు వినగానే టీ తాగి వస్తామంటూ మాయమైపోయేవాళ్ళు.

ఆయన అన్నకూతురు పళ్ళ డాక్టరు. సొంతిల్లు కట్టుకుందామనుకున్నప్పుడు ఈ సంగతి బాబాయి చెవిన పడకుండా ఎన్ని జాగ్రత్తలు పడాలో అన్నీ పడింది. లాభం లేకపోయింది. పునాదులు తవ్వకముందే ఆయన స్థలంలో ప్రత్యక్షమయ్యాడు, బకెట్టుతో సహా. ఇంట్లో పెద్దవాడు, పైగా ఎత్తుకుని పెంచినవాడు. వద్దనడానికి నోరు రాలేదామెకు.

ఆమెకు ఇంటి గురించి చాలా కలలుండేవి. కాలేజీ రోజుల నుంచీ పత్రికల్లో బొమ్మలు కత్తిరించి దాచుకుంది. రెండు మెట్లు కిందికి దిగే హాలు, మధ్యలో అద్దాల బల్ల, మొహం కనిపించేంత నున్నటి నల్లరాయి గచ్చు, వంటింటికి వెళ్ళే దారిలో గోడకి శిల్పం. బాబాయి నేలమీద ముగ్గుతో గీతలు గీసి, ఆ గీతల మధ్య బకెట్టు పట్టుకుని నడిచాడు. రెండు మెట్ల దగ్గర సగం బకెట్టు ఒలికింది. మెట్లు పోయాయి. శిల్పం ఉండాల్సిన మలుపులో మోచెయ్యి ఆడలేదన్నాడు. శిల్పం పోయింది. ఆమె ఏది ముచ్చటపడితే సరిగ్గా అక్కడే నీళ్ళు ఒలికేవి. కావాలనే ఒంపుతున్నాడేమోనని అనుమానం కూడా వచ్చింది.

చివరికి ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"రేపు మేం ఈ ఇంట్లో బకెట్లు మోసుకుంటూ తిరుగుతామా బాబాయ్?"

"ఖాళీ చేతుల్తో మాత్రం ఎవరు తిరుగుతారే?" అన్నాడాయన. "కాగిన పాలగిన్నో, తడిబట్టలో, నిద్రపోయిన పిల్లో, చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. ఇంట్లో చేతులూపుకుంటూ తిరిగేది చుట్టాలే. వాళ్ళ కోసమా నువ్వు ఇల్లు కట్టేది?"

ఆమె మొగుడికి చెప్పుకుని ఏడ్చింది. మీ బాబాయే కదా అని ఆయన పేపర్లో తల దూర్చేశాడు.

ఆ కష్టం చాలదన్నట్టు మామగారొకరు. ఆయన ఒకప్పుడు వాచీలు బాగుచేసేవాడు. భూతద్దం కంటికి తగిలించుకుని, కంటికి ఆనని మరలు ఊపిరి బిగబట్టి బిగించిన మనిషి. కొట్టు మూసేశాక మాట తగ్గించేశాడు. టీ ఇస్తే గదిలోకి తీసుకెళ్ళి తలుపేసుకునేవాడు. కొత్త ఇంటికి తాను రానని, ఎక్కడైనా చిన్న గది చూసిపెట్టమని కొడుకుతో అన్నాడు. తనతో పడకే అలా అంటున్నాడనుకుని డాక్టరమ్మ కుమిలిపోయింది. ఎవరికీ నచ్చని ఇల్లు ఎవరి కోసం కడుతున్నట్టు అనుకుంది. ఆయన్ని ఒప్పించింది కూడా బాబాయే. ఏం చెప్పాడో ఎవరికీ తెలీదు.

మొత్తానికి ఇల్లు పూర్తయింది. నల్లరాయి చోట నీళ్ళు పడినా జారని గరుకు బండలు. అద్దాల బల్ల చోట కిటికీ కింద వెడల్పాటి రాతి అరుగు, దాని పక్కన కుర్చీ. కుర్చీలో కూర్చుంటే మోచెయ్యి ఎత్తకుండానే అరుగు అందుతుంది. సాయంత్రం ఎండ ఆ బండల మీద పడితే చూడ్డానికి బాగానే ఉండేది గానీ, ఆ మాట పైకి అనేంత ఓపిక ఆమెకి మిగల్లేదు.

ఇంట్లో దిగాక పీడ వదిలిందనుకుంది. వదల్లేదు. బాబాయి సాయంత్రం కాగానే వచ్చేవాడు, బకెట్టు నింపేవాడు, సరిగ్గా మామగారి కుర్చీ దగ్గరికి వచ్చేసరికి బళ్ళున ఒంపేవాడు. ఆసుపత్రిలో పగలంతా నిలబడి వచ్చి ఆమె నేల తుడుచుకునేది. ఇల్లు అమ్మేసి అద్దె ఇంట్లోకి వెళ్ళిపోదామని మొగుడితో అంది. ఆ మాట నిజంగానే అంది.

మర్నాడు సాయంత్రం టీలు ఇచ్చి వంటింట్లోకి వెళ్ళినామె, చక్కెర మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. మధ్యలో మలుపు లేకపోవడం వల్ల గుమ్మం నుంచే హాలంతా కనిపించింది. మామగారి చేతిలో కప్పు టకటకమంటోంది. రెండో చెయ్యి ఆసరా ఇచ్చాడు, అదీ వణికింది. టీ బండల మీద పడింది. ఆయన తప్పు చేసిన పిల్లాడిలా వంటింటి వైపు చూడబోయాడు. ఆలోపే బాబాయి వచ్చి, ఆయన మొహం వైపు చూడకుండా, ఆ టీ మీద బకెట్టు మొత్తం కుమ్మరించాడు.

"అమ్మాయ్, మళ్ళీ ఒలికిందే. ఈ కిటికీ దగ్గర ప్లాను నేనే తప్పు గీశాను."

బాబాయి తన ప్లానులో తప్పుందని ఒప్పుకోవడం ఆమె పుట్టాక వినలేదు. మామగారు తలుపేసుకుని టీ తాగడం మానేసి హాల్లో కూర్చుంటున్నది ఎప్పటినుంచో అప్పుడు లెక్కకొచ్చింది. ఆయన దూరం పెట్టింది తనని కాదు, ఆ చేతుల్ని.

కళ్ళు తుడుచుకుని, కొంగు దోపుకుని, తుడిచే గుడ్డతో హాల్లోకి వచ్చింది. రోజూ కంటే నాలుగు మాటలు ఎక్కువే తిట్టింది బాబాయిని. ఈ వయసులో ఈ బకెట్లేమిటని, ఇల్లంతా చెరువు చేస్తున్నావని, బుద్ధుండాలని. బాబాయి తలవంచుకుని అన్నీ పడ్డాడు.

మామగారికి పాపం అనిపించింది. కోడల్ని దగ్గరికి పిలిచి, బాబాయికి వినపడకుండా గొంతు బాగా తగ్గించాడు.

"పోనీలేమ్మా, ఆయన్ని ఏమీ అనకు. పెద్దవాడైపోతున్నాడు. చూడబోతే చేతులు వణుకుతున్నట్టున్నాయి."