ఎమ్మిగనూరు మగ్గం, మూడు వేల పోగులు

మేం ఆదోని స్టేషన్‌లో దిగేసరికి ఉదయం ఆరుంబావు. మేం అంటే ఎనిమిది మందిమి: నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఆరుగురు బిజినెస్ విద్యార్థులు, వాళ్ల ప్రొఫెసరు, నేను. బెంగళూరులో మా ఎంబీఏ కాలేజీకీ వాళ్ల యూనివర్సిటీకీ ఒక ఒప్పందం ఉంది. జనవరిలో వాళ్లు రెండు వారాలు ఇక్కడికొచ్చి చదువుతారు. జూన్‌లో మావాళ్లు ఇద్దరు రెండు వారాలు అక్కడికెళ్లి చదువుతారు. రెండు వారాల్లో ఒక దేశం అర్థమైపోతుందని రెండు వైపులా గట్టి నమ్మకం. వెళ్లే ఇద్దరిలో ఒక పేరు నాది కాబట్టి నాకూ అభ్యంతరం లేకపోయింది. షరతు ఒకటే. అతిథులకు పత్తి నుంచి చీర దాకా ఒక్క రోజులో చూపించి, మర్నాడు వాళ్లతోపాటు బెంగళూరులో రిపోర్టు సమర్పించాలి.

"నేతగాళ్లు ఎవరికైనా తెలుసా?" అని మా సార్ అడిగినప్పుడు చెయ్యెత్తాను. ఎమ్మిగనూరులో మా పెద్దనాన్నకు గుంట మగ్గం ఉంది. మా నాన్న మాత్రం నా చిన్నప్పుడే నేత మానేసి బెంగళూరులో బట్టల కొట్టులో చేరాడు. అందుకే మగ్గం గురించి నాకు తెలిసింది క్లాసులో అందరికంటే ఎక్కువ, ఎమ్మిగనూరులో అందరికంటే తక్కువ.

ఏడింటికి స్టేషన్ దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాం. అతిథుల్లో లీసా అనే అమ్మాయి మిరపకాయ బజ్జీని నిండుగా కొరికి, మూడు నిమిషాలు నీళ్ల సీసా వదల్లేదు. ఎనిమిదికి పత్తి మార్కెట్ యార్డుకు వెళ్లాం. కుప్పల మధ్య గంటన్నర తిరిగి, తలల మీద దూదితో బయటికొచ్చాం. అక్కడ ఒక రైతు ప్రొఫెసరును పైనుంచి కిందికి చూసి, "కొననీకి వచ్చినారా, సూడనీకి వచ్చినారా?" అని అడిగాడు. చూడడానికే అన్నాను. "అయితే పక్కకు నిలబడమ్మా, ఎండ తగలాల పత్తికి" అన్నాడు.

పదింబావుకు ఎమ్మిగనూరు బస్సెక్కాం. ఆడవాళ్లకు టికెట్టు లేదు, ఆధార్ చూపిస్తే చాలు. కండక్టరు లీసా ముందు ఆగాడు.

"ఈ యమ్మకు ఆధార్ ల్యాదా?"

"వాళ్లది నెదర్లాండ్స్ అన్నా."

"అది ఏ జిల్లాలో ఉన్నా సరే, ఆధార్ లేకుంటే టికెట్టు కొట్టాల్సిందే."

కొట్టాడు. గంటలోపే ఎమ్మిగనూరులో దిగాం.

పెద్దనాన్న అప్పుడే ఒక చీర నేయడం ముగించి, బట్ట కోసి మడత పెడుతున్నాడు. చక్కెర జబ్బుతో ఆయన చూపు బాగా తగ్గింది. మనిషిని గొంతుతో, దారాన్ని వేలితో గుర్తుపడతాడు. "సాయంత్రం కొత్త పడుగు అతకాల. కూసోండి, ఈ చీర ఇచ్చేసి వస్తా" అని బయటికెళ్లాడు. పెద్దమ్మ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

మగ్గం ముందు మేమే మిగిలాం. చీర కోసేశాక, మగ్గానికి అడ్డంగా కట్టిన అచ్చులో పాత పడుగు, అంటే నిలువు పోగులు, మూరెడు పొడవున మిగిలి ఉన్నాయి. అచ్చు అంటే ముందొకటి, వెనకొకటిగా రెండు సన్నని కళ్ల వరసలు. ఒక్కో పోగు ఒక్కో కంట్లోంచి దూరి వస్తుంది. పోగులన్నీ జారిపోకుండా ముందువైపు ముడి వేసి ఉంది. విద్యార్థుల చేతిలోని రిపోర్టు ఫారంలో 'వృథా' అని ఒక గడి ఉంది. అదింకా ఖాళీగానే ఉంది.

"ఇవేమిటి?" అని అడిగింది లీసా.

"వేస్ట్" అన్నాను. ఎంత ధీమాగా అన్నానంటే ఆరుగురూ రాసుకున్నారు.

గుర్తుగా కొంచెం తీసుకోవచ్చా అని అడిగింది. కొంచెమెందుకు, మొత్తం తీసుకోమన్నాను. గోడకున్న కత్తెర తీసి ముందు ముడి కోశాను, వెనక నుంచి లాగాను. మూడు వేల పోగులు ఒక్కసారిగా కళ్లలోంచి జారి నా చేతిలోకి వచ్చాయి. కుచ్చులా కట్టి లీసాకు ఇచ్చాను. చప్పట్లు కొట్టారు.

పెద్దమ్మ టీ గ్లాసులతో వచ్చి గడప దగ్గరే ఆగిపోయింది. గ్లాసులు అక్కడే కింద పెట్టేసింది. పెద్దనాన్న వచ్చి, అలవాటుగా గుంటలో కూర్చుని, అచ్చు మీద చెయ్యి వేశాడు. వేళ్లు ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లాయి. మళ్లీ వెనక్కి వచ్చాయి.

"పోగులు యాడికి పోయినాయి?"

ఆ ఇంట్లో ఇంగ్లీషూ తెలుగూ రెండూ వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే, లాగేసింది నేనేనని రెండు భాషల్లోనూ ఒప్పుకున్నాను.

ఆ కొస ఎందుకు ఉంచారో పెద్దమ్మ చెప్పింది. పదకొండేళ్ల కింద తన కళ్లు బాగున్నప్పుడు ఆ మూడు వేల కళ్లలోనూ ఒక్కో పోగు తనే ఎక్కించిందట. అప్పటినుంచి ఏ పడుగు అయిపోయినా ఆ మూరెడు కొసను మాత్రం తీయరు. కొత్త పడుగులో ఒక్కో పోగునూ ఆ కొసకు అతికి, మెల్లగా ముందుకు లాక్కుంటారు. అతకడానికి చూపు అక్కర్లేదు. వేలికి బూడిద రాసుకుని మెలిపెడితే చాలు, పెద్దనాన్న కళ్లు మూసుకుని చేస్తాడు. కంట్లోకి ఎక్కించడానికి మాత్రం చూపు కావాలి. ఇప్పుడు ఇద్దరికీ అది లేదు. ఊళ్లో ఆ పని చేసేవాళ్లలో ఒకాయన చనిపోయాడు, ఇంకొకాయన బళ్లారి జీన్స్ షెడ్డుకు వెళ్లిపోయాడు.

అంటే నేను లాగేసింది దారాన్ని కాదు, మగ్గాన్నే.

"పోనీలే పాపా. ఎప్పుడో ఒకనాడు నిలబెట్టాల్సిందే గదా దీన్ని" అన్నాడు పెద్దనాన్న. తిట్టి ఉంటే బాగుండేది.

మూడింటికి అందరం ఆదోని బస్సెక్కాలి. లీసా ఉండిపోతానంది. బీమా నియమాల ప్రకారం కుదరదని ప్రొఫెసరు చెప్పాడు. ఆ అమ్మాయి కుచ్చును తెచ్చి పీట మీద పెట్టి, పెద్దనాన్నకు దండం పెట్టింది. నేను బస్టాండు దాకా వెళ్లి వాళ్లను ఎక్కించి, వెనక్కి వచ్చాను.

కొత్త పడుగును వెనక కట్టి పని మొదలుపెట్టాం. పెద్దమ్మ వెనక కూర్చుని పోగు విడదీసి అందిస్తుంది. నేను ముందునుంచి కొక్కెంతో కంట్లోంచి లాగాలి. ఒకటి ముందు వరసలో, ఒకటి వెనక వరసలో. ఒక్కటి తప్పితే దాని తర్వాతవన్నీ తప్పినట్టే. మొదటి గంటలో వంద కూడా కాలేదు.

"ఏడాదిన్నర బిజినెస్సు సదివి మూడు వేల పోగులు గుంజినావు. ఇంగో ఏడాది సదివింటే మగ్గమే పెరికేస్తాంటివి" అంది పెద్దమ్మ.

"ఇంకో ఆరు నెలలు ఉంది పెద్దమ్మా."

"అయితే ఆ కత్తెర లోపల పెట్టాల."

మర్నాడు పదకొండింటికి మా సార్ ఫోన్ చేశాడు. రిపోర్టు సమర్పించేటప్పుడు నా కుర్చీ ఖాళీగా ఉందట. జూన్ సీటు వెయిటింగ్‌లో ఉన్న అబ్బాయికి ఇచ్చారట. సరే సార్ అన్నాను. నా చేతిలో పోగు ఉంది, ఎన్నో వరసదో మర్చిపోతానని భయం. ఫోన్ పెట్టేశాక కాసేపు అచ్చు కళ్లు సరిగా కనబడలేదు. దాన్ని దుమ్ము మీదికి నెట్టేశాను. పెద్దమ్మ పోగు పట్టుకుని, తొందరపెట్టకుండా కూర్చుంది.

మూడో రోజు మధ్యాహ్నం రెండింటికి చివరి పోగు ఎక్కింది. పెద్దనాన్న గుంటలో కాళ్లు పెట్టి తొక్కాడు. పోగులు రెండుగా విడిపోయి నోరు తెరుచుకున్నాయి. నాలుగు వేళ్ల వెడల్పు నేసి, బట్టను అరచేత్తో తడిమాడు. ఎడమ అంచు దగ్గర చెయ్యి ఆగింది.

"ఈడ రెండు పోగులు ఒకే కంట్లో ఉండాయి."

"విప్పి మళ్లీ ఎక్కిస్తాను."

"నీ రైలు పోతాది పాపా."

"అది మొన్ననే పోయింది పెద్దనాయనా."

మొదటిసారి నవ్వాడు. అంచు నుంచి నలభై పోగులు విప్పి, మళ్లీ ఎక్కించేసరికి పొద్దు గూకింది. ఈసారి ఆయన చెయ్యి ఎక్కడా ఆగలేదు.

నాలుగో రోజు ఉదయం ఎనిమిదింటి బస్సుకు బయల్దేరాను. ఆదోనిలో పదిన్నర రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురు సీటావిడ చీర అంచు పోగులు నేను లెక్కపెడుతుంటే, ఆవిడ ఏమిటమ్మా అలా చూస్తున్నావని అడిగింది. క్షమించమన్నాను.

ఈ దారిన వెళ్లేవారికి నాలుగు మాటలు. ఆదోనిలో పొద్దున్నే దిగితే మార్కెట్టు చూడొచ్చు. ఎమ్మిగనూరు బస్సులు తరచుగా ఉంటాయి, ఆధార్ మర్చిపోవద్దు. నేత ఇంట్లో ఏది మిగిలినట్టు కనబడినా, అది ఎందుకు మిగిలిందో ముందు అడగండి. రెండు వారాల చదువుకు నేను ఏ దేశమూ వెళ్లలేదు. కానీ ఈ పడుగు అయిపోయాక ఆ అచ్చులో మిగిలే మూరెడు కొస నేను ఎక్కించినది. దానికే అతుక్కుంటూ పోతే ఇంకో పదేళ్లు మగ్గం ఆడుతుందని పెద్దనాన్న అంటున్నాడు. బయల్దేరేటప్పుడు పెద్దమ్మ నాకు ఇంట్లో అన్నీ ఎక్కడున్నాయో చూపించి, ఎప్పుడైనా రమ్మంది. కత్తెర ఎక్కడ దాచిందో మాత్రం చెప్పలేదు.