తప్పు మైకుది, ఇంకొక్కటి

ఫిల్మ్‌నగర్‌లో కో-డైరెక్టర్ పట్టాభిరామయ్య గారికి ఏ పనీ ఒక్కసారితో తృప్తినివ్వదు. దేన్ని చూసినా "ఇంకొక్కటి" అంటారు. షూటింగులో అంటే సరే, అది ఆయన ఉద్యోగం. ఎదురుపడి నమస్కారం పెట్టినవాళ్లచేత కూడా, "ఎండ కంట్లో పడిందండీ, ఇంకొక్కటి" అని మళ్లీ పెట్టిస్తారు. మేనల్లుడి పెళ్లిలో తాళి కట్టే వేళ నోరు తెరవబోయారని, అప్పటినుంచి ఆయన్ని చుట్టాలు మండపానికి దూరంగా కూర్చోబెడుతున్నారు.

విశేషమేమిటంటే, ఎవరినీ తప్పు చేశావని మాత్రం అనరు. ఫోకస్ పోయిందంటారు, లైటు పడలేదంటారు, కాకి అరిచిందంటారు. అసిస్టెంటు స్ఫూర్తికి ఈ సాకులు వింటే ఒళ్లు మండేది. బోరబండ పిల్ల, ముక్కుసూటి మనిషి. "సార్, మన సిన్మాల కాకులకు గూడ వేషాలిస్తున్నమా?" అని ఒకసారి అడిగేసింది. ఆయన నవ్వేశారు.

పాతకాలపు కథ ఒకటి తీయబోతున్నారని, లొకేషన్లు చూడటానికి ఇద్దరూ యూనిట్ వ్యానులో రాజమండ్రి వెళ్లారు. సాయంత్రం ఒక పాత గ్రంథాలయం చూద్దామని లోపల అడుగుపెడితే కవి సమ్మేళనం జరుగుతోంది. సాహిత్యానికి పుట్టిల్లు లాంటి ఊరే కానీ, సభలో సగంమంది కునుకు తీస్తున్నారు. ఇద్దరూ వెనక వరుసలో కూర్చున్నారు.

శారదాదేవి గారనే రిటైరైన టీచరును పిలిచారు. ఏళ్ల తరబడి పద్యాలు రాసి బీరువాలో దాచుకున్నారట, సభలో చదవడం ఇదే మొదలట. మొదటి పాదం చక్కగా ఎత్తుకున్నారు. రెండో పాదంలో ఆగిపోయారు. మళ్లీ ఎత్తుకుని మళ్లీ అక్కడే ఆగారు. ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ ముఖం పాలిపోయింది. "క్షమించండి" అని మెట్లవైపు తిరిగారు. ఇప్పుడు దిగితే ఈవిడ జన్మలో మళ్లీ వేదిక ఎక్కరని స్ఫూర్తికి అర్థమైంది.

"కట్" అన్న మాట హాలంతా వినిపించింది. పట్టాభిరామయ్య గారు లేచి నిలబడ్డారు.

"అమ్మా, తప్పు మీది కాదండీ. మైకు గరగరమంటోంది. ఇంకొక్కటి."

"మైకు బానే ఉందండీ" అన్నాడు మైకు అబ్బాయి నొచ్చుకుని.

ఆయన వినిపించుకోలేదు. వేదికెక్కి మైకును ఎడమకు జరిపి, కుడికి జరిపి, తాపీగా తుడిచి, సరిగ్గా మొదట ఉన్నచోటే పెట్టారు. ఆలోగా శారదాదేవి గారు మంచినీళ్లు తాగి ఊపిరి పీల్చుకున్నారు. ఈసారి చివరి పాదం దాకా ఎక్కడా తడబడలేదు. హాలు చప్పట్లతో మారుమోగింది.

అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. అంతకుముందు చదివిన కవులంతా ఒక్కొక్కరే లేచి, తమ వంతులోనూ మైకు గరగరమన్నదని ఫిర్యాదు చేశారు. తన ఉపన్యాసం కూడా సరిగా వినపడి ఉండదని అధ్యక్షుడికి అనుమానం వచ్చింది. అందరూ మళ్లీ చదివారు. కునుకు తీసేవాళ్లు నిటారుగా కూర్చున్నారు. బయట బజ్జీల బండి దగ్గరివాళ్లు లోపలికొచ్చారు. మైకు అబ్బాయి ఒక్కడే మొహం మాడ్చుకున్నాడు. పట్టాభిరామయ్య గారు అతనికి బజ్జీలు తినిపించి, ఇంత మంచి మైకు ఫిల్మ్‌నగర్‌లో కూడా లేదని చెవిలో చెప్పారు.

స్ఫూర్తికి తన మొదటిరోజు గుర్తొచ్చింది. జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా. క్లాప్ బోర్డు పట్టుకుని, అంతమంది ముందు సీను నంబరు మరిచి బిగుసుకుపోయింది. "పైన విమానం పోతోంది, ఇంకొక్కటి" అని ఆయన అరిచారు. యూనిట్ అంతా ఆకాశంలోకి చూసింది, తనవైపు ఎవరూ చూడలేదు. ఆ విమానం కోసం తనూ వెతికింది.

బయటికొచ్చాక అడిగింది. "సార్, గా రోజు విమానం గిట్ట ఏం రాలే కదా?"

"వచ్చిందమ్మా. మబ్బుల్లో ఉంది, నీకు కనపడలేదు."

ఆమె థాంక్స్ చెప్పబోయింది. మాట సగంలోనే ఆగింది. ఆయన తల పక్కకు తిప్పుకున్నారు.

"లారీ హారన్ కొట్టింది, వినపడలేదమ్మా. ఇంకొక్కటి."

రోడ్డు మీద లారీ కాదు కదా, సైకిలు కూడా లేదు. స్ఫూర్తి నవ్వేసి, ఇంకొక్కసారి చెప్పింది.