ఓవే అంటే ఆగమని

సముద్రం పక్కన కేతా ఇసుకతిప్ప మీద గొంతంటే అబ్లావిదే. ఆమె ఒక్క కూత పెడితే సరిహద్దు అవతల లోమే పట్నంలో కోడిపుంజులు సిగ్గుపడి ఆ పూటకి కూయడం మానేసేవి. నమ్మకపోతే మానండి, ఆ పుంజుల్లో ఒకదాన్ని కూరొండుకు తిన్నవాళ్లే చెప్పారు.

నలభై ఏళ్లుగా ఒడ్డున నిలబడి అలివి వల లాగేటప్పుడు పాట ఎత్తేది ఆమే. రెండు తాళ్లు, తాడుకి ఇరవై మంది, మధ్య రెండు వందల గజాలు. అలల హోరులో మాటలు చెవిదాకా రావు. నోరు తెరిచి సాగదీసిన కూతలే వస్తాయి. ఏయా అంటే లాగు. హోలో అంటే తూర్పు తాడు వదులు చెయ్యి. ఓవే అంటే ఆగు, వల గోడకి తగిలింది. గోడంటే, సముద్రం మింగిన పాత ఊరి గోడ. అబ్లావి పుట్టిన ఇల్లూ అక్కడే ఉంది, ఇప్పుడు చేపలు కాపురం చేస్తున్నాయి. మడమ కింద తాడు తొక్కి నీళ్లలోని సంగతి పసిగట్టడం భర్త దోత్సే నేర్పాడు. అతనూ, ఆ కూతలెరిగిన పాతవాళ్లూ ఒక్కొక్కరే పోయారు.

ఇప్పటివాళ్లకి అవి పాటకి తగిలించిన తోకలు.

"అవ్వా, ఓవే అంటే ఏంటి?" అని వల నాయకుడు సెనానూ ఆటపట్టించేవాడు.

"ఆగమనిరా, వెధవా."

"పాటలో ఆగితే అదేం పాట? పళ్లతోపాటు మాటలూ ఊడిపోయాయి, నీకు ఓవే మిగిలిందిలే!"

అందరితోపాటు ఆమె కూడా నవ్వేది.

ఊరంతటికీ మిగిలింది ఆ ఒక్క వల. దాంతోనే నలభై ఇళ్లలో పొయ్యి వెలిగేది. ఆ ఉదయం అబ్లావి మడమ కింద తాడు ఇనుములా బిగిసింది.

"ఓవే!" అని కూసింది.

నలభై గొంతులు "ఓవే!" అని బదులిచ్చి, హుషారుగా ఇంకో అడుగు వెనక్కి లాగాయి. ఆమె గొంతు పెంచింది. వాళ్లూ పెంచారు. అవ్వకి ఇవాళ వయసు తిరిగొచ్చిందని ఎవడో ఈల కూడా వేశాడు. పాట వదిలేసి, "ఆపండ్రా, వల చిరుగుతోందిరా!" అని మాటల్లో అరిచింది. ఆ మాటలు అలలు తినేశాయి. చేతులూపింది. ఆడుతోందనుకుని వాళ్లు భుజాలూపారు.

తాడు ఒక్కసారిగా తేలికైపోయింది. అందరూ ఇసుకలో వెల్లకిలా పడ్డారు. ఒడ్డుకి వచ్చింది సగం వల, అందులో నాచుపట్టిన కిటికీ చట్రం.

సెనానూ చిరుగులోంచి అటువైపు చూశాడు. "ముందే చెప్పొచ్చుగా అవ్వా."

"చెప్పానురా. మీరూ నాతో కలిసి చెప్పారు."

మిగతా సగం గోడ దగ్గరే ఉండిపోయింది, వచ్చింది కుట్టే పాతవాళ్లూ ఊళ్లో లేరు. వారం తిరక్కుండా సెనానూతో సహా పదహారుమంది సరిహద్దు దాటి కూలికి పోయారు. అక్కడ వల లాగేది ఇంజను. పాటెత్తడానికి మనిషి అక్కర్లేదు.