పూతకి ముందే కొన్న పంట

మావయ్య పోయాడని పలాస నుంచి ఫోను వచ్చేసరికి నేను ప్రార్థన మందిరంలో చాపలు పరుస్తున్నాను. చేసింది మా చిన్నచెల్లి. "అక్కా, మావ ఇంక నేడు" అంది. అంతే. చేతిలో ఉన్న చాప పరిచి దాని మీదే మోకరించాను. ఏం అడగాలో తోచలేదు. ఆ ఒంటికి విశ్రాంతి ఇచ్చినందుకు స్తోత్రం చెప్పాను. మూత్రపిండాలు చెడి ఎంతో కాలంగా అలిసిపోయిన ఒళ్ళు అది. మా ఉద్దానంలో ఈ జబ్బు గురించి ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

ఆయన మా అమ్మకి తమ్ముడు. పలాసలో జీడిపిక్కలు కొని, కాల్పించి, పప్పు తీయించి అమ్మేవాడు. రైతు బస్తా దించితే పైన కనిపించే పిక్కల వంక చూసేవాడు కాడు. చెయ్యి అడుగుదాకా దూర్చి, గుప్పెడు తీసి, ఒక్కొక్కటీ నిలువునా కోసి, లోపల పప్పు చూశాకే ధర చెప్పేవాడు.

"మావా, నా మీద నమ్మకం నేదేటి?" అని ఎవరైనా నిష్ఠూరమాడితే, "నీ మీద ఉందిరా, నీ బస్తా మీదే నేదు" అనేవాడు.

పెంకులోని జీడి అంటుకుని ఆయన వేళ్ళు ఎప్పుడూ నల్లగా ఉండేవి. ఆదివారం ఆ నల్లటి వేళ్ళతోనే పాటల పుస్తకం పట్టుకునేవాడు. పాట మాత్రం చూసి పాడేవాడు కాడు.

మా అమ్మానాన్నలు పోయాక మాకు పెద్దదిక్కు ఆయనే. నేను మొదటి కాన్పు, చిన్నచెల్లి ఆఖరిది. నా పిల్లలాగే పెరిగింది. తొంభైల చివర్లో దానికి ఢిల్లీలో ఎమ్మే సీటు వచ్చింది. అంతర్జాతీయ అధ్యయనాలట. దేశాల మధ్య పొత్తులు, తగవులు, వ్యాపారాలు, వాటి గురించిన చదువు. మాకున్నదల్లా సుమ్మాదేవి దగ్గర నాన్న వదిలివెళ్ళిన జీడితోట. ఆ తోట పంట ఈ చదువు మీద పెట్టడమా, మానడమా? ఇంట్లో వేరే మాట లేదు.

"ఇంటర్నేసనల్ అంటే పైదేశం పంపుతారేటే?" అని అత్త అడిగింది.

"నేదత్తా. పైదేశాల గురించి సదువుతాం."

"ఓలమ్మా! ఇక్కడ కూకుని ఆళ్ళ గురించి సదివితే జీతం ఎవులిత్తారే? నీ నడిపక్కని సూడు. నర్సింగు సదివింది, నెల తిరిగితే డబ్బు కళ్ళ సూత్తంది."

మర్నాడు మావయ్య మా ఇద్దరినీ బస్సెక్కించి టెక్కలిలో ఒక లెక్చరరు గారి దగ్గరికి తీసుకెళ్ళాడు. అరుగు మీద కూర్చుని, బజార్లో ధర అడిగినట్టే అడిగాడు. "బాబూ, ఈ సదువు సదివితే ఏటొత్తాది?"

ఆ లెక్చరరు మంచివాడు, ఉన్నమాట చెప్పాడు. "చెప్పలేమండి. పరీక్షలు రాసి పెద్ద ఉద్యోగాల్లోకి వెళ్ళినవాళ్ళున్నారు. ఏమీ దొరక్క తిరిగొచ్చినవాళ్ళూ ఉన్నారు."

పలాసలో బస్సు దిగాక చెల్లి నేల చూస్తూ అంది. "పోనీలే మావా, బీయీడీ సేత్తాను."

"బీయీడీ నీకిట్టమేటి?"

"నేదు. లెక్కయినా తేలతాది గదా."

మావయ్య నడుస్తున్నవాడల్లా ఆగాడు. "అమ్మడానికైతే కోసి సూత్తాం. ఇత్తనానికి ఉంచింది కొయ్యం. కోసి సూసిన పిక్క మొలవదే, పిల్లా."

ఆ వారమే, చెట్టు మీద పూతయినా లేకుండా, మా తోట రెండేళ్ళ పంట ముందే డబ్బిచ్చి కొనేశాడు. కొయ్యనిదే ధర చెప్పని మనిషి. బజారంతా నవ్వింది. "ఏటి మావా, సెట్టుని కోసి సూసీసావేటి?" అని తోటి వ్యాపారులు ఆటపట్టించారు. ఆయనా నవ్వాడు. చెల్లి ఢిల్లీ రైలెక్కింది.

ఆ రెండేళ్ళు తీరకముందే తుపాను వచ్చింది. తోటలో సగం చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. మావయ్య వచ్చి పడిన మానుల మధ్య ఊరికే తిరిగాడు. "కట్టెలైనా వత్తాయిలే" అన్నాడు. డబ్బు ఊసు ఆ రోజూ ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు.

చెల్లి చదువు పూర్తి చేసింది. పరీక్షలు రాసింది, గట్టెక్కలేదు. ఢిల్లీలో కొన్నాళ్ళు అనువాదాలు చేసి, ఇంటికొచ్చి, టెక్కలిలో ఒక కాలేజీలో కాంట్రాక్టు మీద చేరింది. ఆ జీతం నడిపి చెల్లి జీతంలో సగం ఉండదు, అదీ నెలనెలా రాదు. ఉన్నది రాస్తున్నాను. డబ్బు లెక్కన ఆ చదువు గిట్టలేదు.

మావయ్యకి డయాలసిస్ మొదలయ్యాక విశాఖపట్నం తీసుకెళ్ళేది చిన్నచెల్లే. సెలవు పెడితే జీతం పోయే ఉద్యోగం, అయినా తనే వెళ్ళేది. అప్పుడప్పుడు నేనూ తోడు వెళ్ళాను. రైలు నౌపడ దాటేసరికి ఆయన మొదలుపెట్టేవాడు.

"ఆఫ్రికా పిక్కలు ఓడల్లో వత్తన్నాయి. మన కాడ పిక్క ఉండగా అవెందుకే?"

అది చెప్పేది. మన పంట పిక్కలు కాల్చే మన బట్టీలకి చాలదని, అక్కడ పప్పు తీసే ఏర్పాట్లు తక్కువని, సుంకాలని, డాలరని. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. నిద్రపోయాడనుకుని ఆపితే, "ఆపీసావేటి? ఓడ ఎక్కడికొచ్చింది?" అనేవాడు.

ఒకసారి తిరుగు రైల్లో చెల్లి అడిగేసింది. ఎన్నేళ్ళుగా మోస్తోందో ఆ మాట. "మావా, నా సదువు వల్ల నీకు నట్టమే గదా?"

"నట్టమే" అన్నాడు వెంటనే.

చెల్లి కిటికీ వైపు తిరిగింది. ఆయన కట్టు కట్టిన చెయ్యి మెల్లగా జరిపి దాని ఒళ్ళో పెట్టాడు. "పంట నట్టం. తుపానుది. నిన్ను కోసి సూసుకోమని ఎవులన్నారే?"

పలాస దాకా నేను మనసులో ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నాను.

సమాధి చేసిన రోజు పొద్దున ఆయన బట్టీలో తెరిచిన బస్తా ఒకటి ఉండిపోయింది. చెల్లి అందులో అడుగుదాకా చెయ్యి పెట్టి గుప్పెడు పిక్కలు తీసి కొంగున ముడేసుకుంది. పక్కనే కత్తి ఉంది, దాని జోలికి పోలేదు.

పాస్టరు గారు వాక్యం చదివాక ఒక్కొక్కరం ముందుకెళ్ళి గుప్పెడు మన్ను వేశాం. మాది ఇసక నేల. నేను వేసింది చప్పుడు లేకుండా జారిపోయింది. నా వెనక చెల్లి వచ్చి, వంగి, కొంగుముడి విప్పింది. పెట్టె మూత మీద పిక్కలు టకటకా రాలాయి.