మిత్రుడు రాయని థీసిస్

ఈ మధ్య మా విభాగం పాత విద్యార్థులు వేసిన సంచికకు నేనొక సరదా వ్యాసం ఇచ్చాను. మా మిత్రుడొకడు చేపల మీద థీసిస్ రాస్తానని బయలుదేరి, తర్వాత తనే మనసు మార్చుకుని బ్యాంకు రేటు మీద రాశాడని అందులో రాశాను. చదివినవాళ్లు నవ్వుకున్నారు. కానీ అతను మనసు మార్చుకోలేదు. క్లాసులో నేను ఒక్క మాట అని ఉంటే మార్చుకునే అవసరమే వచ్చేది కాదు. ఆ సంగతి వ్యాసంలో రాయకుండా వదిలేశాను. అది ఇప్పుడు చెబుతాను.

మద్రాసులో ట్రాములు ఆగిపోయిన కొత్తల్లో మేం ఎం.కాం. రెండో ఏడు చదువుతున్నాం. ఫైనాన్స్ తీసుకున్నవాళ్లం కొద్దిమందిమే. ఎవరి థీసిస్ బాగుంటే వాళ్లను ప్రొఫెసర్ గారు విభాగంలోనే పరిశోధనకు ఉంచుకునేవారు. లెక్చరర్ కావాలనుకునేవాడికి అదొక్కటే దారి. మా మిత్రుడు కావాలనుకున్నది అదే. నాకు ప్రత్యేకంగా ఏ కోరికా ఉండేది కాదు. మాది జార్జిటౌన్‌లో పప్పుల మండీ నడిపే వైశ్యుల ఇల్లు. భోజనాల దగ్గర నాన్న, చిన్నాన్న వ్యాపారులు ఒకరికొకరు రాసిచ్చుకునే హుండీల గురించి మాట్లాడుకోవడం చిన్నప్పటి నుంచీ వింటున్నాను కాబట్టి హుండీల మీద రాస్తానన్నాను. అంశం కోసం నేను పడ్డ కష్టం అంతే.

అతను మాత్రం వేసవి సెలవుల మొదట్లో చాలా కష్టపడ్డాడు. రైల్వే బాండ్లు అన్నాడు, సహకార సంఘాలు అన్నాడు, ఏదీ నచ్చలేదు. అతనిది రాయపురం. తాతల నాడు నెల్లూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. వాళ్ల నాన్న తీరంలో చేపల వేలం వేసేవాడు. ఆయన గొంతు తెల్లవారేసరికే ఖర్చయిపోయేది, అందుకని ఇంట్లో గుసగుసగా మాట్లాడేవాడు. ఇంట్లో అందరికీ అదే అలవాటై, కొత్తగా వెళ్లినవాడికి ఎవరికో ఒంట్లో బాగాలేదేమో అనిపించేది.

ఒకరోజు పొద్దున్నే నన్ను తీరానికి తీసుకుపోయాడు. తెప్పలు ఒడ్డుకు చేరుతున్నాయి. తడి వల మోసుకొస్తున్న ఒక పెద్దాయన్ని చూపించి, ఆ వలకు డబ్బు పెట్టింది పక్కన గొడుగు కింద నిలబడ్డ సావుకారు అన్నాడు. వడ్డీ లేదు, కాగితం లేదు.

"వడ్డీ లేకుండా ఇస్తే సావుకారికేం లాభంరా?" అన్నాను. మండీ ఇంట్లో పుట్టినవాడిని, నాకు అది మింగుడు పడలేదు.

"పట్టిన చేపంతా ఆయన చేతి మీదనే అమ్మాల. అమ్మినప్పుడల్లా ఆయన వంతు ఆయనకి. అప్పు తీరాలని ఆయనకి లేదురా. తీరితే ఈ పెద్దాయన ఇంకో సావుకారి దగ్గరికి పోతాడు. తీర్చాలని ఈయనకీ లేదు. రేపు గాలివానకి వల పోతే మళ్లా ఎవరిస్తారు? తీరకూడదని ఇద్దరూ అనుకునే అప్పు మన పుస్తకాల్లో యాడుండాదో చూపించు."

ఎక్కడా లేదు. అతని అంశం దొరికిందని నాకప్పుడే తెలిసింది. నా హుండీల మీద నాకెప్పుడూ కలగని ఉత్సాహం వాడి తెప్పల మీద కలిగింది. ఆ వేసవిలో వీలైనప్పుడల్లా వాడితో పోయాను. వేలం చూశాను, సావుకారి వంతు తీసి పక్కన పెట్టడం చూశాను, వేరే సావుకారి దగ్గరికి పోదామనుకున్న ఒక మనిషిని పాత సావుకారు బతిమాలి నిలుపుకోవడం చూశాను. ఇంట్లో లైబ్రరీకి పోతున్నానని చెప్పేవాణ్ణి. నా జీవితంలో అంత హాయిగా చదువుకున్న రోజులు మళ్లీ రాలేదు. పుస్తకం తెరిచింది లేదు.

ఎండెక్కాక వాళ్లింటికి పోయేవాళ్లం. వాళ్లమ్మ నాకోసం కొత్త కుండలో విడిగా అన్నం, చారు వండి, అప్పడాలు కాల్చి పెట్టేది. కొన్నాళ్లకు నేనే సిగ్గు విడిచి వంజరం చేప పులుసు అడిగాను.

"వద్దు నాయనా. మీ అమ్మకి తెలిస్తే నన్ను తిడతాది" అందామె.

"అమ్మకెవరు చెప్తారు?" అన్నాను.

ఆమె ఆ పూట గరిటె పట్టుకుని చాలాసేపు ఆలోచించి, చివరికి ఒక ముక్క వేసింది. ఆ తర్వాత నాకు విడిగా వండడం మానేసింది. నా కంచంలో మధ్య ముక్క పడుతోందని వాడు కొన్నాళ్లు అలిగాడు.

సెలవులయ్యాక అంశాలు ఖాయం చేసే రోజు వచ్చింది. ఒక్కొక్కరినీ లేపి క్లాసందరి ముందూ అడిగి, సరే అనిపిస్తే ప్రొఫెసర్ గారు సంతకం పెట్టేవారు. నాది క్షణంలో అయిపోయింది. ఏ వీధి, ఏ మండీ అని కూడా అడగలేదు. తర్వాత మిత్రుడు లేచి తెప్పల పెట్టుబడి గురించి చెప్పాడు. బాగా చెప్పాడు.

మా క్లాసులోనే మా మేనత్త కొడుకు ఉండేవాడు. నాకు బావ. మా ఇంట్లో ఎవరు తుమ్మినా వాళ్లింట్లో తెలిసేది, నా సంగతులు మా ఇంటికి చేరేది కూడా అతని ద్వారానే. అతను నా పక్కకు వంగి, "ముక్కుకి గుడ్డ కట్టుకోని చదవాలప్పా ఈ థీసిస్" అన్నాడు. చుట్టుపక్కల అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ప్రొఫెసర్ గారు నవ్వలేదు. ఆయన ఇంగ్లీషులో నెమ్మదిగా, అంశం కొత్తగా ఉంది గానీ కాగితం లేని అప్పును పరీక్షకులు ఎలా నమ్ముతారని అడిగారు. వేలం వేసేది మీ నాన్నగారే కాబట్టి ఆయన సాక్ష్యం చాలదన్నారు. ఈ గదిలో ఇంకెవరైనా దీన్ని కళ్లారా చూసి ఉంటే ఇప్పుడే సంతకం పెడతానన్నారు.

నేను లేస్తే, రాయపురంలో నీకేం పని అని సాయంత్రానికల్లా ఇంట్లో అడుగుతారు. అక్కడ ఏం తిన్నావని ఆ తర్వాత అడుగుతారు. బావ నా మోచేతి పక్కనే ఉన్నాడు. నేను బల్ల వైపు చూస్తూ కూర్చున్నాను. మిత్రుడు నా పేరు చెప్పలేదు. నా వైపు చూడను కూడా లేదు. నా వైపు చూస్తే నేను దొరికిపోతానని వాడికి తెలుసు. ప్రొఫెసర్ గారు కాగితం మీద ఆ అంశం కొట్టేసి, బ్యాంకు రేటు మీద రాయమన్నారు.

మెట్లు దిగుతుంటే వాడే నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీలేరా. మీ బావ ఆడనే ఉండె గదా" అన్నాడు.

క్షమించమని నేను అడగకముందే క్షమించేశాడు. ఆ సదుపాయాన్ని ఇన్నేళ్లూ వాడుకున్నాను. బ్యాంకు రేటు థీసిస్‌తో వాడు పాసై ఒక బ్యాంకులో చేరాడు. విభాగంలో పరిశోధనకు నన్ను ఉంచుకున్నారు. ఆ దారినే లెక్చరర్‌నయ్యాను. ఇద్దరికీ జీవితం బాగానే గడిచింది. పెళ్లిళ్లకీ పండగలకీ రాకపోకలు ఆగలేదు. వాడి కూతురికి నేనే పాఠాలు చెప్పాను. అంతా బాగుంది కదా అనుకునే ఆ సరదా వ్యాసం రాశాను.

సంచిక వచ్చిన వారం తర్వాత వాడింటికి పోయాను. వాడు వరండాలో కూర్చుని రేడియో బాగు చేసుకుంటున్నాడు. భార్య లోపల ఉంది. సంచిక చదివానన్నాడు, అందులో ప్రొఫెసర్ గారు గొడుగు మరిచిపోయే సంగతి చదివి కడుపుబ్బ నవ్వానన్నాడు. తర్వాత స్క్రూ బిగిస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"చేపల మీద అని రాసినావే, అది మాత్రం తప్పురా. నాది తెప్పల పెట్టుబడి మీద."

ఇన్నేళ్ల తర్వాత వాడు సరిదిద్దింది ఆ ఒక్క మాటే. అది ఎంత జాగ్రత్తగా అన్నాడో విన్నాక నేనిక కూర్చోలేకపోయాను. లేచి నిలబడ్డాను.

"ఆ రోజు సార్ అడిగినప్పుడు నేను లేవాల్సిందిరా. నీతో పాటు అంతా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇంట్లో తిడతారని నోరు మూసుకున్నాను. నువ్వు చెయ్యాల్సిన ఉద్యోగం నేను చేస్తున్నాను. పైగా నువ్వే మనసు మార్చుకున్నావని అచ్చు వేయించాను. తప్పు చేశాను, నన్ను క్షమించు."