చూడకుండానే కాపీ అన్న బొమ్మలు

2016లో నేను తెనాలిలోని ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో ప్రీప్రెస్ పని చూసేవాణ్ణి. అచ్చుకు వెళ్లే ముందు బొమ్మల్నీ అక్షరాల్నీ పేజీల్లో సర్ది, అచ్చు వేసే రేకును, అంటే ప్లేటును, తీయడానికి సిద్ధం చేయడమే ప్రీప్రెస్. మాకు వచ్చేవి ఎక్కువగా కథల పుస్తకాలు, క్యాలెండర్లు. ఆ ఏడాది హైదరాబాదు కంపెనీ ఒకటి కొత్తరకం ఆట తెచ్చింది. బల్ల మీద పటం పరిచి, పాచికలు వేస్తూ ఆడే యుద్ధం. సైనికులకు బదులు మూడంతస్తుల మేడంత ఇనుప యంత్రాలుంటాయి. ఒక్కోదాని లోపల ఒక మనిషి కూర్చుని నడుపుతాడు. ఆడేవాళ్లు వాటిని మెక్‌లంటారు.

బొమ్మలు ఎవరు వేస్తారని అడిగితే సుజాత గారి పేరు నేనే చెప్పాను. ఆవిడ రేపల్లెలో హైస్కూలు తెలుగు టీచరు. మా కథల పుస్తకాలకు బొమ్మలు వేస్తుండేవారు. మెక్ అంటే ఏమిటో ఫోనులో చెప్పాను. "ఇనుముతో చేసిన జంతువులు అనుకోనా అన్నయ్యగారూ?" అని నవ్వారు. వేసవి సెలవుల్లో పద్నాలుగు వేసి ఇచ్చారు. ఒకటి కొంగలా సన్నటి కాళ్ల మీద ఒంగి నిలబడేది. ఇంకొకటి పీతలా పక్కకు నడిచేది. ఆడేవాళ్లు ఆ కొంగను చొక్కాల మీద వేయించుకుంటున్నారని తెలిసి చెబితే, ఆవిడ రెండుసార్లు చెప్పించుకున్నారు.

రెండేళ్ల తర్వాత ఎవరో కంపెనీకి మెయిల్ పెట్టారు, కొంగ మెక్ ఒక విదేశీ కార్టూన్ నుంచి ఎత్తిన బొమ్మ అని. కంపెనీ నన్ను అడిగింది. ఆవిడ స్కెచ్‌లు, అంటే అసలు బొమ్మకు ముందు పెన్సిలుతో వేసుకున్న చిత్తుబొమ్మలు, నా బీరువాలోనే ఒక కవరులో ఉన్నాయి. వాటిని చూసి చెప్పమన్నారు. క్యాలెండర్ల సీజను. ఊపిరాడని పని. కవరు తీయలేదు. వాళ్లు పంపిన విదేశీ బొమ్మను ఫోనులో ఒకసారి చూసి, "అలాగే ఉందండి, అన్నీ తీసేయడం మంచిది" అని జవాబిచ్చాను. అర నిమిషం పట్టిందేమో.

తర్వాతి ముద్రణలో పద్నాలుగూ పోయి, కంప్యూటర్లో చేసిన బొమ్మలు వచ్చాయి. పాతవి కాపీ అని తేలినందువల్ల తొలగించామని కంపెనీ తన వెబ్‌సైటులో పెట్టింది. సుజాత గారు ఫోన్ చేశారు.

"కాపీ అని ఎవరన్నారండి?"

"తెలియదమ్మా, కంపెనీ వాళ్లే ఏదో అనుకున్నారు."

ఆ అబద్ధం తడబడకుండా వచ్చింది. తర్వాత ఆవిడ మా పుస్తకాలకు కూడా బొమ్మలు వేయలేదు. తీరిక లేదన్నారు. నేను గుచ్చి అడగలేదు.

2023లో కంపెనీ చేతులు మారింది. పాత బొమ్మలే కావాలని ఆడేవాళ్లు అడుగుతూనే ఉన్నారట. కొత్త యజమాని ఫోన్ చేసి, "కాపీ అని చూసి తేల్చిందెవరు సార్?" అన్నాడు. అప్పుడు కవరు తీశాను. కొంగ ఒక్కదానికే పదకొండు స్కెచ్‌లు. మొదటివి నిజం కొంగలే, రేపల్లె కాలవ గట్టున నిలబడ్డవి. తర్వాతి వాటిలో మోకాలి దగ్గర వరికోత మిషను కీలు వచ్చి చేరింది. ఎక్కడ చూసి వేశారో ప్రతి కాగితం వెనకా రాసుకున్నారు. విదేశీ బొమ్మతో పోలిక రెండు కాళ్లుండటమే. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. అయినా తలెత్తలేకపోయాను.

సుజాత గారు అప్పటికి బాపట్ల బదిలీ అయ్యారు. వెళ్లి, కవరు ముందు పెట్టి, కాపీ అని రాసింది నేనేనని చెప్పాను.

"అప్పుడు ఇది తీసి చూశారా?"

"లేదండి."

ఆవిడ కాగితాలు ఒక్కొక్కటే తిరగేశారు. "స్టాఫ్ రూములో అడిగారండి, మీరు కూడా కాపీ కొడతారా టీచర్ గారూ అని. నవ్వులాటకే లెండి. ఆ వారమే పరీక్షలో ఒకమ్మాయి దగ్గర చీటీ దొరికింది. దాన్ని మందలించడానికి నాకు నోరు రాలేదు."

కంపెనీ ఆ బొమ్మల్ని మళ్లీ వేస్తానంటోందని చెబితే, "బొమ్మలు వేసుకోమనండి. కానీ అప్పుడు ఎందుకు తీసేశారో ఆట నియమాల పుస్తకం మొదటి పేజీలో రాయాలి," అన్నారు.

ఆ పేజీ నేనే రాసి కట్టాను. ప్రూఫు, అంటే అచ్చుకు ముందు తప్పులు చూసే కాగితం, తీసుకుని మళ్లీ బాపట్ల వెళ్లాను. "ఈ బొమ్మలు పొరపాటున కాపీ అని భావించబడి, తొలగించబడ్డాయి" అని ఉంది అందులో. ఆవిడ ఎర్ర పెన్నుతో దాని కింద గీత గీశారు.

"కర్త ఏడండీ?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"భావించబడి, తొలగించబడి. ఎవరు భావించారు? ఎనిమిదో తరగతి పిల్లలు రాసినా నేను మార్కు వేయనండి దీనికి."

అక్కడే కూర్చుని తిరగరాశాను: "స్కెచ్‌లు నా దగ్గరే ఉన్నా చూడకుండా, ఇవి కాపీ అని చెప్పింది నేను. ఇవి సుజాత గారి సొంత బొమ్మలు." కింద నా పేరు రాయకుండానే కాగితం ఆవిడ ముందుకు జరిపాను. ఆవిడ తొందరపెట్టలేదు. పోనీలెండి అనీ అనలేదు. కాగితం వెనక్కి తీసుకుని పేరు రాశాను.

పద్నాలుగు బొమ్మలూ ఆటలోకి తిరిగొచ్చాయి. ఆట కొత్త పెట్టె తీసుకెళ్లి సుజాత గారికి ఇస్తూ, ఇంకో ఆరు వేయమని కంపెనీ అడుగుతోందని చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"ఇప్పుడు ప్రతి గీతా ఇంతకుముందు ఎక్కడైనా చూశానా అనిపిస్తోందండి. చెయ్యి సాగట్లేదు."

మా పనిలో తప్పు పడిన ప్లేటును పారేసి కొత్తది తీస్తాం. ఏళ్ల తరబడి అదే అలవాటు. మనిషి గురించి రాసిన మాటకు అలాంటి వీలు లేదని ఆవిడ ఇంట్లో కూర్చున్నప్పుడు తెలిసింది. ఇప్పుడు ఎవరి బొమ్మ గురించైనా సొంతమేనా అని నన్ను అడిగితే, జవాబు రాసే ముందు వేసినవాళ్లకు ఫోన్ చేస్తాను. సుజాత గారికి నేను చేయని ఫోను అదే.