సాంచె దగ్గరి బ్లేడు

మా ఆయనకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాక నేను భయపడిన పనులు చాలా ఉన్నాయి. లేపి కూర్చోబెట్టడం, నీళ్లు మింగించడం, బాత్రూముకు నడిపించడం. అన్నీ అలవాటయ్యాయి. గడ్డం గీయడం మాత్రం ఇప్పటికీ అలవాటు కాలేదు.

దానికి కారణం నెత్తురు. పక్షవాతం వచ్చాక ఆయనకు రక్తం పలచబడే గోలీలు రాసిచ్చారు. కరీంనగర్‌లో పరీక్షకని మోచేతి మడతలో సూది గుచ్చి తీస్తే ఆ రంధ్రం మూసుకోలేదు. దూది తడిసింది. దాని మీద పెట్టిన నా కొంగు తడిసింది. బస్సులో కూర్చునేదాకా నేను ఆ చోట పెట్టిన బొటనవేలు తీయలేదు. "ఇంట్ల గాయం కానియ్యకు పెద్దమ్మా, ఆగుడు కష్టమైతది" అని డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. ఆ నెమ్మది చూసే నాకు భయం పుట్టింది.

అంతవరకు ఇంటికొచ్చి గీసే మంగలాయన మోకాళ్ల నొప్పులతో హుస్నాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. బజారులో షాపుకు తీసుకుపోదామంటే మెట్లు. గడ్డం పెరిగింది. తాగిన జావ అందులో ఎండేది. కత్తెరతో కురచ చేశాను గానీ దురద పోలేదు, మొదళ్లు గుచ్చుకుని ఇంకా ఎక్కువైంది. ఆయన ఎడమ చేత్తో ఆగకుండా గోక్కునేవాడు. గోరు దిగినా కారేది నెత్తురే కదా. గీయకున్నా భయమే, గీసినా భయమే.

కోడలు కరెంటు మిషన్ కొందామంది. ఇంట్లో రేజర్ ఉండగా దేనికన్నాను. ఆ మాట అన్నందుకు ఆ రేజర్ నా చేతికే వచ్చింది. కొడుకు పొద్దున వాడ చివర మా షెడ్డులో సాంచెల మీదికి పోతే పొద్దుగూకేదాకా రాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచెలంటారు. కోడలికి నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఇక మిగిలింది నేనే.

ఇన్నేళ్లలో ఆయన గీసుకుంటుంటే నేను దగ్గర నిలబడి చూసింది లేదు. ఆయన వాకిట్లో అద్దం ముందుంటే నేను పొయ్యి ముందుండేదాన్ని. నురుగు చేసుకుంటాడని తెలుసు, బుగ్గ ఉబ్బిస్తాడని తెలుసు. అంతే.

మా ఇంట్లో బ్లేడు పారేయం. గడ్డానికి మొద్దుబారినది సాంచె దగ్గరికి పోతుంది, నూలు చుట్టిన కండె మార్చేటప్పుడు దారం కోయడానికి. అక్కడ ఇంకా చాలా కాలం పనికొస్తుంది. ఆ రోజు నేను షెడ్డుకు పోయి సాంచె పక్కన ఉండే రేకు డబ్బాలోంచి ఒకటి తెచ్చాను. నూలు పోగు సాగదీసి ఆనించి చూశాను. చప్పుడు లేకుండా తెగింది. ఇంత పదునుండగా కొత్తది విప్పడం దేనికనుకున్నాను. పైగా కొత్త బ్లేడంటేనే నాకు వణుకు. వాడినదైతే మెత్తగా పోతుందని ఒక ధైర్యం.

దాన్ని రేజర్‌లో బిగించి, సబ్బు నురుగు పూసి, చెవి కింద ఆనించి కిందికి లాగాను. కదల్లేదు. వెంట్రుకలు పట్టుకుని అక్కడే ఆగిపోయింది. ఒత్తాను. ఆయన మొహం బిగుసుకుంది. ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు.

అప్పటికి ఆయనకు మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. "గది ఏడికెల్లి తెచ్చినవే?"

"డబ్బలకెల్లి. నూలు మంచిగనే కోసింది."

"నేను నూలునా?"

"నూలైతే తెగినా ముడేస్త. నిన్నేం జెయ్యాలె?"

ఆయన మూతి ఒక పక్కే నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మొద్దు బ్లేడు ఒత్తిస్తుందని, ఒత్తితేనే తెగుతుందని, కొత్తది వేసి దాని బరువుకే దాన్ని పోనిమ్మని ఆయన ఆగి ఆగి చెప్పాడు. ముందు వేడి నీళ్లలో ముంచిన తువ్వాలు మొహాన కప్పమన్నాడు. కప్పాను. తీసేసరికి, గంజిలో నానిన నూలులాగా వెంట్రుక మెత్తబడింది.

అప్పుడు నా చేతులకు వాటి పని గుర్తొచ్చింది. రెండో తరగతిలో నన్ను బడి మాన్పించింది పడుగు పనికే. వాకిట్లో పోగులు బారుగా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వేవాళ్లం. పోగు మీది నూగు పడుకున్న వైపే దువ్వాలి. ఎదురు దువ్వితే లేచి చిక్కుపడుతుంది, అవ్వ చేతి దెబ్బ పడుతుంది. కళ్లు మూసుకుని ఆయన గడ్డాన్ని వేళ్లతో తడిమాను. బుగ్గ మీద కిందికి పడుకుంది. మెడ ఎడమ పక్కన మాత్రం చెవి వైపు తిరిగింది. చూస్తే తెలియలేదు, తడిమితే తెలిసింది.

చర్మం బిగబట్టి, అటు వైపే, గోరంత గోరంత గీశాను. ప్రతిసారీ నీళ్లలో ముంచి చూసేదాన్ని, నీళ్లు ఎర్రబడ్డాయా అని. బుగ్గలయ్యాయి. గదువ కిందికి, గొంతు మీదికి వచ్చాను. అక్కడ నరం కొట్టుకోవడం కనబడుతోంది. "ఇగో, మింగకు" అన్నాను. మింగొద్దంటే ఎవరికైనా మింగబుద్ధవుతుంది. ఆయన మింగాడు.

నురుగు మీద ఎర్రటి చుక్క. చూస్తుండగానే పెద్దదైంది.

రేజర్ కింద పడేసి పటిక తడిపి అద్దాను. మండిందేమో, ఆయన కళ్లు మూసుకున్నాడు. ఉతికిన గుడ్డ మడిచి పెట్టి బొటనవేలితో నొక్కి పట్టాను. గుడ్డకు ఎరుపు పాకింది. మడత మార్చి మళ్లీ నొక్కాను. ఆటో పిలవమని కోడలిని కేకేద్దామనుకుని, నెత్తురు చూస్తే అదీ పడిపోతుందని ఆగాను. మిషన్ వద్దని, ఇంట్లో ఉన్నదానితోనే సరిపెడతానని ఈ మనిషిని చంపుకుంటున్నానా అనిపించింది. నా వేలి కింద ఆయన నరం, దాని మీద నా చేతి వణుకు, ఏది ఏదో తెలియకుండా పోయింది.

"నీ చెయ్యే గజగజ అంటున్నది. నేను మంచిగున్న" అన్నాడు.

"సప్పుడు చెయ్యకు."

నీళ్లు చల్లారాయి, ఆయన మొహం మీది నురుగు ఎండిపోయింది. వేలు తీయడానికి నాకు ధైర్యం చాల్లేదు. చివరికి ఆయనే ఎడమ చేత్తో నా వేలు మెల్లగా ఎత్తాడు. ఆవగింజంత చుక్క నల్లబడి ఉంది. తడి లేదు. అప్పుడు కూర్చున్నాను నేల మీద.

గొంతు మీద కొంత మిగిలిపోయింది. ఆయన తడిమి చూసుకుని, "గీడ ఉన్నది" అన్నాడు. ఉండనిమ్మన్నాను.

ఇప్పుడూ నేనే గీస్తాను. కొత్త బ్లేడు నాలుగుసార్లకే సాంచె దగ్గరికి పోతుంది. అక్కడికి పోయింది మళ్లీ ఇంట్లోకి రాదు. గొంతు మీది వెంట్రుకలు కోడలు దువ్వెన అడ్డం పెట్టి కత్తిరిస్తుంది, అక్కడ నేను రేజర్ ఆనించను. గాటు పడకపోయినా, గీయడం అయ్యాక గదువ కింద ఆ చోట కాసేపు బొటనవేలు పెట్టి కూర్చుంటాను. ఆయన తల కొంచెం ఎత్తి పెడతాడు.